అరిసెల వాసన వచ్చిన జీపు

(మిషిగన్ రాష్ట్రం, డెట్రాయిట్ శివారులో తెలుగువాళ్లు కలిసిన ఒక శనివారం సాయంత్రం, చలికాలం మొదట్లో చేసిన ప్రసంగానికి ఇది అక్షరరూపం. సభలో అడిగిన ప్రశ్నలు కూడా చివర ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి. ఎత్తారంటే వినిపిస్తున్నట్టే. (నవ్వులు)

నన్ను పిలిచినవాళ్లు "పాత కార్ల గురించి ఏదైనా చెప్పండి, మన పిల్లలు చాలామంది మూడు వేలకీ నాలుగు వేలకీ కార్లు కొంటున్నారు, చలి వచ్చేస్తోంది" అన్నారు. పాత కార్ల గురించి ఏదైనా అంటే తెల్లారిపోతుంది. అందుకని ఒకే ఒక్క సామాను గురించి మాట్లాడతాను. హీటర్ కోర్. నేను కొన్నప్పుడు దాని ఖరీదు నలభై డాలర్లు. దాన్ని మార్చడానికి నాకు మూడు రోజులు పట్టింది. నలభై డాలర్ల వస్తువుకి మూడు రోజులెందుకు పట్టాయన్నదే ఇవాళ నేను చెప్పబోయేది.

నాది 1999 మోడల్ జీప్ చెరోకీ. అగ్గిపెట్టెలా చదరంగా ఉండేది, ఇప్పటికీ రోడ్ల మీద అక్కడక్కడా కనిపిస్తుంది. నాలుగు లీటర్ల ఇంజన్, వరసగా ఆరు సిలిండర్లు. తిండిపోతే కానీ గట్టి పిండం. 2014 సంక్రాంతి నాటి మాట ఇది. ఇక్కడ అప్పుడు ఉన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఆ జనవరి మొదటి వారంలోనే పోలార్ వోర్టెక్స్ అని టీవీలో ఒకటే గోల. సున్నా ఫారెన్‌హీట్ కిందికి దిగిపోయింది. గరాజ్‌లో పెట్టిన నీళ్ల సీసా గడ్డకట్టి పగిలింది.

స్నేహితుల ఇంట్లో పండగ భోజనం చేసి తిరిగి వస్తున్నాం. మా ఆవిడ ఉన్నట్టుండి, "ఏమండీ, అరిసెల డబ్బా మూత సరిగ్గా పెట్టలేదా? కారంతా పాకం వాసన" అంది. వెనక్కి తిరిగి చూస్తే అరిసెల డబ్బా లేదు. వాళ్లింట్లోనే మర్చిపోయి వచ్చాం. అరిసెలు లేవు, వాసన మాత్రం ఉంది. నేను ఆటో ఇంజనీరింగ్‌లో పనిచేసేవాణ్ణి, నాకు అప్పుడే వెలగాలి. వెలగలేదు. వెనక్కి తిప్పి అరిసెల డబ్బా తెచ్చుకున్నాం. (నవ్వులు)

రెండు రోజుల తర్వాత ముందద్దానికి లోపలివైపు పొగ పట్టడం మొదలైంది. మామూలుగా ఆవిరి పడితే డీఫ్రాస్ట్ వేస్తాం, అంటే అద్దం మీదికి హీటర్ గాలి కొట్టిస్తాం, రెండు నిమిషాల్లో పోతుంది. ఇది వేసినకొద్దీ పెరిగింది. చేత్తో తుడిచాను. నూనె చేత్తో అద్దం తుడిచినట్టు జిడ్డుగా అలుక్కుపోయింది. ఎదురుగా వచ్చే కార్ల లైట్లు ఒక్కొక్కటి తామరపువ్వంత కనిపిస్తున్నాయి. అప్పుడు పక్క సీటు కింద కార్పెట్ మీద చెయ్యి పెట్టాను. తడి. వేళ్లు ఎత్తి వెలుతురులో చూస్తే లేత ఆకుపచ్చ రంగు, రెండు వేళ్ల మధ్య రాస్తే జారుతోంది. ఇక అనుమానం లేదు, హీటర్ కోర్ కారుతోంది.

హీటర్ కోర్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఇంజన్‌లో పెట్రోలు కాలితే పుట్టే శక్తిలో దాదాపు మూడో వంతు వేడిగా కూలెంట్‌లోకి, అంటే ఇంజన్‌ని చల్లబరుస్తూ తిరిగే మందు కలిపిన నీళ్లలోకి పోతుంది. ఆ వేడిని రేడియేటర్ బయటి గాలికి వదిలేస్తుంది. ఆ వేడినీళ్లలో కొంచెం పక్కకి తిప్పి, డ్యాష్‌బోర్డ్ వెనక పెట్టిన ఒక బుల్లి రేడియేటర్ గుండా పంపి, దాని మీదుగా ఫ్యాన్‌తో గాలి కొడితే మనకి వెచ్చగా తగులుతుంది. ఆ బుల్లి రేడియేటరే హీటర్ కోర్. పాత తెలుగు వాచకం అంత ఉంటుంది, మందం ఇంకాస్త ఎక్కువ. దానికి రెండు గొట్టాలు, ఒకటి రావడానికి, ఒకటి పోవడానికి. అంతే. కదిలే భాగం ఒక్కటీ లేదు.

ఇక్కడ చిన్న చరిత్ర చెప్తాను, ఎందుకంటే అది నా జీపు వంశవృక్షం కూడా. విస్కాన్సిన్‌లో కెనోషా అని ఊరుంది, షికాగోకి పైన, సరస్సు ఒడ్డున. నాష్ మోటార్స్ వాళ్ల ఊరు. ఆ కంపెనీ 1938 మోడల్ కార్లలో బయటి గాలిని లోపలికి తెచ్చి, వడకట్టి, వేడినీళ్ల కోర్ మీదుగా పంపే పద్ధతి పెట్టింది. మరుసటి ఏడు దానికి థర్మోస్టాట్ చేర్చి వెదర్ ఐ అని పేరు పెట్టింది. ఇవాళ మన కార్లలో ఉన్నది దాదాపు అదే ఏర్పాటు. ఆ నాష్ 1954లో హడ్సన్‌తో కలిసి అమెరికన్ మోటార్స్ అయింది. అమెరికన్ మోటార్స్ 1970లో జీప్‌ను కొంది, 1984 మోడల్‌గా ఈ చెరోకీని తెచ్చింది. 1987లో మొత్తాన్ని క్రైస్లర్ కొనేసింది. కారు తయారైంది మనకి గంట దూరంలో ఉన్న టొలీడోలో, దాని నాలుగు లీటర్ల ఇంజన్ మాత్రం కెనోషా నుంచే వచ్చేది. అంటే కారు హీటర్‌కి ఒక రూపం ఇచ్చిన ఊరి ఇంజన్ వేడితోనే నేను ఇన్నాళ్లూ చలి కాచుకున్నాను. ఆ హీటరే కారిపోయి నన్ను మూడు రోజులు డ్యాష్‌బోర్డ్ కింద పడుకోబెట్టింది.

సరే, అసలు విషయం. కార్పెట్ తడిసిందంటే వెంటనే హీటర్ కోర్ అనుకోకండి. పోయిన వేసవిలో ఒక తమ్ముడు ఫోన్ చేశాడు, "అన్నా, నా కారు హీటర్ కోర్ పోయింది, వెయ్యి డాలర్లు అంటున్నారు" అని. జూలైలో హీటర్ కోర్ పోకూడదని రూలేం లేదు గానీ, నాకు అనుమానం వచ్చింది. "తడి ఏ రంగు?" అన్నాను. "రంగేం లేదన్నా, నీళ్లలాగే ఉంది." "జారుతోందా?" "లేదు." అది ఏసీ నీళ్లు బయటికి పోయే సన్నగొట్టం పూడుకుపోయి లోపలికి పొంగడం. కారు కిందనుంచి ఒక తీగ పెట్టి పొడిస్తే పోయింది. వెయ్యి డాలర్లు మిగిలాయి. అతను ఇవాళ వచ్చాడు కూడా, ఇక్కడే ఎక్కడో ఉన్నాడు. టీ ఖర్చు అతనిది. (నవ్వులు)

కాబట్టి చూడాల్సింది రంగు, జారుడు, వాసన. రుచి మాత్రం చూడకండి. మా బాబాయికి విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు ఉండేది. ఆయన వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని "కూలెంటే" అని తేల్చేవాడు. అప్పట్లో నాకదో గొప్ప విద్యలా అనిపించేది. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, నిజమే, కానీ విషం. మూత్రపిండాలు పోతాయి. కుక్కలు ఆ తీపికి నాకి చచ్చిపోతాయి. అందుకే చాలాచోట్ల దాంట్లో చేదు కలిపి అమ్ముతున్నారు. ఇంట్లో చిన్నపిల్లలు, కుక్కలు ఉన్నవాళ్లు గరాజ్ నేల మీద పడిన చుక్కని కూడా వదలొద్దు.

ఖాయంగా తేల్చుకోవాలంటే ప్రెషర్ టెస్టర్ ఉంది. సైకిల్ పంపులాంటిదే. ఇంజన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి దాని బదులు ఇది బిగించి, మూత మీద రాసున్న ప్రెషర్ దాకా కొట్టాలి, దాదాపు 15 పౌండ్లు. కొట్టి వదిలేసి చూస్తూ కూర్చోవాలి. ముల్లు దిగిందంటే ఎక్కడో పోతోంది. బయట ఎక్కడా చుక్క లేదు, కార్పెట్ కింద మాత్రం తడి పెరుగుతోంది అంటే ఇక కోరే. కొనక్కర్లేదు, ఆటోజోన్ లాంటి షాపుల్లో డిపాజిట్ కట్టి తెచ్చుకుని తిరిగి ఇచ్చేయొచ్చు.

కోర్ ఎందుకు కారుతుంది? కదిలే భాగమే లేదన్నాను కదా, మరి ఎందుకు అరుగుతుంది? నీళ్లే కారణం. కూలెంట్ అంటే గడ్డకట్టకుండా ఉండే ద్రవం అనుకుంటాం. సగం గ్లైకాల్, సగం నీళ్లు కలిపితే మైనస్ 34 ఫారెన్‌హీట్ దాకా గడ్డకట్టదు, అది నిజం. కానీ దాంట్లో లోహం తినేయకుండా కాపాడే మందులు కూడా ఉంటాయి. గ్లైకాల్ ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది, ఆ మందులు మాత్రం అయిపోతాయి. పాత ఆకుపచ్చ రకానికి రెండేళ్లో ముప్పై వేల మైళ్లో అని చెప్పేవారు. నేను జీపు కొని అప్పటికి మూడేళ్లయింది. అంతకు ముందు ఓనరు ఎన్నేళ్లు మార్చలేదో భగవంతుడికే తెలియాలి. నేనైతే ఒక్కసారీ మార్చలేదు. గడ్డకట్టడం లేదు కదా, బాగానే ఉందనుకున్నాను. లోపల అది కోర్‌ని చీమలు బెల్లంగడ్డని తిన్నట్టు తింటోంది.

ఇంకోటి, రకాలు కలపడం. 1990ల మధ్య నుంచి ఆరెంజ్ రంగు, ఎక్కువకాలం వచ్చే రకాలు వచ్చాయి. ఆకుపచ్చలో ఆరెంజ్ పోస్తే ఒక్కోసారి బురదలా అవుతుంది. రంగు చూసి నమ్మడానికీ లేదు, ఇప్పుడు ఒక్కో కంపెనీ ఒక్కో రంగు వేస్తోంది. కారు మాన్యువల్‌లో ఏ రకం అని ఉందో అదే పొయ్యండి. ఎర్త్ వైరు తుప్పుపట్టినా కూడా కోర్ పోతుంది. కరెంటు తిరిగి వెళ్లడానికి దారి లేక కూలెంట్ గుండా పోతుంది, పోతూపోతూ లోహాన్ని కొరుక్కుపోతుంది. కొత్త కోర్ వేసిన ఆరు నెలలకే మళ్లీ కారిందంటే చాలాసార్లు ఇదే. వోల్ట్ మీటర్ ఒక వైరు బ్యాటరీ నెగటివ్‌కి, ఇంకోటి కూలెంట్‌లోకి పెట్టి చూడండి. వోల్టులో మూడు పదోవంతులు దాటితే ముందు ఎర్త్ సంగతి చూడాలి.

షాపుకి తీసుకెళ్లాను. పదకొండు వందల డాలర్లు చెప్పారు. కారే మూడు వేలు. పద్ధెనిమిది డాలర్లకి ఒక సీసా దొరుకుతుంది, రేడియేటర్‌లో పోస్తే చిల్లులు పూడుస్తుంది అని రాసుంటుంది. నేను అదే పోశాను. ఇంజనీర్ని కదా, చదువుకున్న తప్పు చేశాను. రెండు వారాలు నిజంగానే ఆగింది. వాసన లేదు, తడి లేదు. మూడో వారం మళ్లీ కారింది. ఈసారి హీటర్ వేడి కూడా తగ్గిపోయింది. ఆ మందు చిల్లు ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లి దాన్ని మాత్రమే పూడ్చదు కదండీ, సన్నగా ఉన్న ప్రతి దారిలోనూ పేరుకుంటుంది. ఎక్కడో ఊరు కాని ఊళ్లో, రాత్రివేళ కారు ఆగిపోతే ఇంటికి చేరడానికి పోసుకోవచ్చు. అంతకు మించి దాన్ని నమ్మొద్దు.

రెండో దారి బైపాస్. ఇంజన్ వైపు నుంచి కోర్‌కి వెళ్లే రెండు గొట్టాల్ని ఊడదీసి, ఒకదానికొకటి కలిపేయడం. పది నిమిషాల పని. కూలెంట్ కోర్ వైపే వెళ్లదు, లీకు ఆగుతుంది, ఇంజన్‌కి ఏమీ కాదు. విజయవాడలో మా బాబాయి షెడ్డుకి హీటర్ కారుతోందని ఏ కారు వచ్చినా ఇదే చేసేవాడు. "మనకి హీటర్ ఎందుకురా, మే నెలలో బెజవాడే హీటరు" అనేవాడు. అక్కడ అది ఉపాయం కాదు, సరైన వైద్యమే. ఇక్కడ నేనూ చేశాను. తెలియక కాదు, గతిలేక. ఫలితం చెప్తాను. పొద్దున్నే ఆఫీసుకి బయల్దేరితే ముందద్దానికి నా ఊపిరే లోపల మంచుగా పేరుకునేది. ఒక చేత్తో స్టీరింగ్, ఇంకో చేత్తో పాత క్రెడిట్ కార్డు, అద్దం గోకుతూ డ్రైవింగ్. వారం రోజులు చేశాను. సిగ్గుపడుతూనే చెప్తున్నాను, అది ప్రమాదం. ఈ దేశంలో కారు అమ్మాలంటే అద్దం మీద మంచునీ ఆవిరినీ పోగొట్టే ఏర్పాటు ఉండాలని భద్రతా ప్రమాణమే ఉంది, 103వ నంబరు. హీటర్ మన సుఖం కోసం కాదు, ముందుగా దారి కనిపించడం కోసం.

చివరికి ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే సెలవు కలిసొచ్చింది. శని, ఆది, సోమ. మా బావమరిది షికాగో నుంచి వచ్చాడు, సాయం చేస్తానని. అతను సాఫ్ట్‌వేర్. పానా పట్టుకోవడం అదే మొదటిసారి.

ఇక్కడ ఒక సంగతి ముందే చెప్పాలి. ఈ జీపులో హీటర్ కోర్, ఏసీ చల్లబరిచే కాయిల్, రెండూ ఒకే ప్లాస్టిక్ పెట్టెలో ఉంటాయి. పెట్టె బయటికి రావాలంటే ఏసీ గొట్టాలు విప్పాలి. విప్పాలంటే గ్యాస్ ముందే తీయించాలి. గాల్లోకి వదిలేస్తే పోలా అంటారేమో. వదలకూడదు, ఇక్కడ చట్టవిరుద్ధం. లైసెన్సున్న షాపులో యంత్రంతో తీయించుకుని రావాలి, పని అయ్యాక మళ్లీ నింపించుకోవాలి. నేను శుక్రవారం సాయంత్రమే తీయించాను. విప్పిన గొట్టాల మూతుల్ని వెంటనే ప్లాస్టిక్ కవరు, టేపు పెట్టి మూసేయాలి. తేమ లోపలికి పోతే తర్వాత ఏసీ బాధ వేరే.

శనివారం పొద్దున ముందుగా బ్యాటరీ నెగటివ్ తీసేశాం. తీసి కాఫీ తాగాం. ఆ కాఫీ సరదాకి కాదు. డ్యాష్‌బోర్డ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉంది, బ్యాటరీ తీసినా దాని కెపాసిటర్‌లో కరెంటు కాసేపు నిలవుంటుంది. కనీసం రెండు నిమిషాలు ఆగాలి. నేను పావుగంట ఆగాను. మొహం ముందు పేలే వస్తువు దగ్గర తొందరెందుకు.

తర్వాత రేడియేటర్ అడుగున ఉన్న కుళాయి తిప్పి కూలెంట్ దింపాం. కోర్‌లో ఎంతో కొంత నిలిచి ఉంటుంది, దాన్ని ఇంజన్ వైపు గొట్టంలోంచి గాలి ఊది బయటికి పంపించండి, లేకపోతే పెట్టె తీసేటప్పుడు మొత్తం మీ ఒళ్లోనే పడుతుంది. రబ్బరు గొట్టాలు పాతవైతే మెలితిప్పి లాగొద్దు, బ్లేడుతో నిలువుగా కోసి తీయండి. ఎలాగూ కొత్తవి వేయాలి. కొత్త కోర్ వేసి పాత గొట్టాలు ఉంచడం అంటే పెళ్లికొడుకుకి కొత్త పంచె కట్టి పాత చెప్పులు వేయడమే.

ఇక డ్యాష్‌బోర్డ్. గ్లోవ్ బాక్స్, రేడియో చుట్టూ ఉన్న చట్రం, స్టీరింగ్ కింది మూత, అద్దం దగ్గర ఉండే గాలి జాలీ, ఇవన్నీ వస్తాయి. జాలీ కింద అద్దం పొడుగునా స్క్రూలు, రెండు తలుపుల పక్కన బోల్టులు, స్టీరింగ్ కాలమ్ పట్టుకున్న నట్లు. అన్నీ విప్పి స్టీరింగ్‌ని సీటు మీదికి దింపితే, మొత్తం డ్యాష్‌బోర్డ్ తలుపు తెరిచినట్టు వెనక్కి వస్తుంది. ఈ మాట చెప్పడానికి అర నిమిషం పట్టింది, మాకు శనివారం మొత్తం పట్టింది.

స్క్రూల సంగతే ఈ పనిలో అసలు పరీక్ష. అన్నీ ఒకేలా కనిపిస్తాయి, పొడుగులు వేరు. పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే వెనకాల వైరునో ప్లాస్టిక్‌నో పొడిచేస్తుంది. నేను గుడ్ల అట్టపెట్టెలు తెచ్చి, ఒక్కో గుంటలో ఒక్కో చోటివి వేసి, పైన టేపు మీద ఎక్కడివో తెలుగులో రాశాను. 'గ్లోవ్ పైన', 'రేడియో ఎడమ', 'తలుపు దగ్గర పెద్దవి'. మధ్యాహ్నం మా బావమరిది ఒక పెట్టె పట్టుకుని లేవబోయి సీటు బెల్టుకి తగులుకున్నాడు. పన్నెండు గుంటల స్క్రూలూ కార్పెట్ మీద. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకటి తీసి, "బావా, ఇది ఎక్కడిది?" అన్నాడు. అదృష్టం ఏమిటంటే, ప్రతిదీ విప్పేముందు ఫోన్‌తో ఫొటో తీసుకున్నాను. గంటన్నర పట్టింది, ఫొటోలు పెద్దవి చేసుకుంటూ ఒక్కోదాన్నీ దాని గుంటలో వేయడానికి.

ఆదివారం పొద్దున ఇంజన్ వైపు నుంచి నట్లు విప్పి, లోపలినుంచి పెట్టెను ఊపుతూ లాగాం. పాత సన్నపు ప్లాస్టిక్ గొట్టాలు కొన్ని ఉంటాయి, ఇంజన్ పీల్చే గాలితో పనిచేస్తాయి. గాలి అద్దం మీదికా, కాళ్లకా, మొహానికా అని తిప్పే తలుపుల్ని కదిపేవి అవే. పదిహేనేళ్ల తర్వాత అప్పడంలా ఉంటాయి. ఒకటి విరిగితే ఏ మీట తిప్పినా గాలి అద్దం వైపే పోతుంది. అదీ ఆలోచించే పెట్టారు, ఏది పాడైనా చూపు మాత్రం ఉండాలని. మాకు ఒకటి విరిగింది. రబ్బరు ట్యూబు ముక్క తొడిగి సరిచేశాం.

పెట్టెను గరాజ్ బల్ల మీద పెట్టి తెరిచాక కోర్ బయటికి రావడానికి ఎంతసేపు పట్టిందో తెలుసా? నాలుగు నిమిషాలు. చేతిలో పెట్టుకుని చూశాను. ఒక మూల, గొట్టం అతికిన చోట, తెల్లగా ఉప్పు పట్టినట్టు పొడి. దాని కింద గుండుసూది మొన అంత చిల్లు. పదకొండు వందలు అడిగింది, మా ఆవిడ మేజోళ్లు తడిపింది, నాతో క్రెడిట్ కార్డుతో అద్దం గోకించింది, ఆ చిల్లే.

పాత రోజుల్లో ఇత్తడి కోర్లు ఉండేవి. ఆటోనగర్‌లో రేడియేటర్లు బాగుచేసేవాళ్లు వాటికి టంకం పెట్టి మాటు వేసేవారు, మళ్లీ పదేళ్లు పనిచేసేవి. ఇప్పుడు వచ్చే అల్యూమినియం కోర్‌కి మాటు కుదరదు. కుదిరినా, అంత దూరం వెళ్లి పాతదాన్నే మళ్లీ పెట్టే ధైర్యం ఎవరికి ఉంటుంది?

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న అసలు మాట. కొత్త కోర్ అట్టపెట్టెలోంచి తీసి నేరుగా బిగించకండి. కొత్తది కాబట్టి బాగుంటుందని నమ్మొద్దు. ఒక గొట్టం మూతి మూసి, రెండోదాంట్లో ప్రెషర్ టెస్టర్‌తో 15 పౌండ్లు కొట్టి, బకెట్ నీళ్లలో ముంచండి. సైకిల్ ట్యూబుకి పంక్చర్ చూసినట్టే. నా మొదటి కోర్‌కి బుడగలు వచ్చాయి. సన్నగా, వరసగా, నవ్వుతున్నట్టు. ఆదివారం సాయంత్రం ఐదున్నరకి షాపుకి పరుగెత్తి వేరేది తెచ్చాను. ఆ బకెట్ పెట్టకపోయి ఉంటే సోమవారం రాత్రికి డ్యాష్‌బోర్డ్ మొత్తం బిగించేసి, మంగళవారం మళ్లీ అరిసెల వాసన. సామాను చవకే, దాని దగ్గరికి వెళ్లే దారే ఖరీదు. కాబట్టి ఆ దారి తెరిచి ఉన్నప్పుడే చూడగలిగినవన్నీ చూసేయాలి.

అలాగే పెట్టెలో గాలి తలుపులకి అంటించిన స్పాంజి పొడి అయిపోయి ఉంటుంది. మీ కారు జాలీల్లోంచి నల్లటి ముక్కలు ఎగిరిపడుతుంటే అవే. మళ్లీ అంటించండి. ఏసీ గొట్టాల రబ్బరు ఉంగరాలు కొత్తవి, తేమ పీల్చే డ్రయర్ కొత్తది. పెట్టె బిగించి, గొట్టాలు తొడిగి, కూలెంట్ నింపాక డ్యాష్‌బోర్డ్ ఇంకా పక్కకి ఉండగానే మరోసారి ప్రెషర్ కొట్టి అరగంట ఆగండి. మేం ఆగాం. ముల్లు కదల్లేదు. ఆ అరగంటలో మా ఆవిడ ఉప్మా తెచ్చి పెట్టింది, ముల్లు వైపు చూస్తూనే తిన్నాం.

కూలెంట్‌లో కలిపే నీళ్లు డిస్టిల్డ్ వాటర్ అయితే మంచిది, కుళాయి నీళ్లలో ఉప్పులు పేరుకుంటాయి. నింపాక గాలి బుడగ ఉండిపోతుంది, ఉంటే హీటర్ చల్లగా వస్తుంది. కారు ముక్కు ఎత్తుగా ఉండేలా వాలు మీద పెట్టి, హీటర్ పూర్తి వేడి మీద ఉంచి, థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌కి రేడియేటర్ దారి తెరిచే మూత, తెరుచుకునేదాకా ఇంజన్ నడిపి, చల్లారాక తగ్గినంత మళ్లీ పొయ్యాలి. ఒకసారి చాలదు, రెండు మూడు రోజులు చూస్తూ ఉండాలి.

కార్పెట్ సంగతి చాలామంది వదిలేస్తారు. పైన ఆరినట్టే ఉంటుంది, కింద దూదిలాంటి పరుపు తడిసే ఉంటుంది. గ్లైకాల్ తొందరగా ఆరదు. సీటు తీసి, కార్పెట్ ఎత్తి, వేడినీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. లేకపోతే వాసన పోదు, కింద రేకు తుప్పు పడుతుంది. మిషిగన్‌లో రోడ్డు ఉప్పు కిందనుంచి తింటోంది, పైనుంచి మనం కూడా తినిపించక్కర్లేదు.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: అన్నా, మేం కొనే కారుకి ఇది ఉందో లేదో ముందే ఎలా తెలుస్తుంది?

పది నిమిషాలు హీటర్ పూర్తిగా పెట్టి నడుపు తమ్ముడూ. వాసన చూడు. డీఫ్రాస్ట్ వేసి అద్దాన్ని కాగితంతో తుడువు, జిడ్డు వస్తోందా చూడు. పక్క సీటు వైపు మ్యాట్ ఎత్తి కార్పెట్ నొక్కు. బానెట్ ఎత్తి రెండు హీటర్ గొట్టాలు ఒకదానికొకటి కలిపేసి ఉన్నాయేమో చూడు, అది చాలామంది చూడరు. వేసవిలో అమ్మేవాళ్లు బైపాస్ చేసి అమ్మేస్తారు, నీకు నవంబర్‌లో తెలుస్తుంది.

ప్రశ్న: అందరికీ మూడు రోజులు పడుతుందా? షాపుకి ఇవ్వడమే మంచిదా?

కారుని బట్టి ఉంటుందమ్మా. కొన్ని పాత కార్లలో, పికప్పుల్లో గ్లోవ్ బాక్స్ తీస్తే కోర్ చేతికి అందుతుంది, గంట రెండు గంటల పని. అలాంటిది షాపుకి ఇవ్వక్కర్లేదు. నా జీపులాంటిది అయితే మీకు గరాజ్, సెలవు, ఓపిక, వేరే కారు, నాలుగూ ఉంటేనే మొదలుపెట్టండి. సోమవారం అదే కారులో ఆఫీసుకి వెళ్లాలి అనుకుంటే షాపుకే ఇవ్వండి. ఆ పదకొండు వందలు అన్యాయం అని అప్పుడు తిట్టుకున్నాను. చేశాక, తక్కువే చెప్పారనిపించింది.

ప్రశ్న: మా నాన్నగారి పాత కారు గుంటూరులో ఉంది, ఇలాగే కారుతోంది. మార్పించమని చెప్పాలా?

మీ నాన్నగారు ఆ కారులో లంబసింగి వెళ్తుంటారా? వెళ్లరు కదా. బైపాస్ చేయించమనండి. వానాకాలం అద్దానికి ఆవిరి పడితే ఏసీ వేసుకుంటే పోతుంది. కానీ కారిన కూలెంట్ కార్పెట్‌లోంచి శుభ్రంగా కడిగించమనండి, కొత్త కూలెంట్ నింపించమనండి. నీళ్లు పోస్తే చాలని ఎవరైనా అంటే వినొద్దని చెప్పండి.

ప్రశ్న: కరెంటు కార్లలో ఈ గొడవ ఉండదా అండీ?

ఇంజనే లేదు కాబట్టి ఉచితంగా వచ్చే వేడి లేదు. కరెంటుతో కాయిల్ వేడి చేసుకోవాలి, లేదా హీట్ పంప్ పెట్టుకోవాలి. టెస్లా 2020లో మోడల్ వై నుంచి హీట్ పంప్ పెట్టింది. ఈ రకం లీకు చాలావరకు ఉండదు, బదులుగా చలికాలంలో హీటర్ వేస్తే బ్యాటరీ తొందరగా దిగుతుంది. మనం ఇన్నాళ్లూ ఇంజన్ వృథా చేసిన వేడి మీద బతికాం అనేది వాటిలో కూర్చుంటేగానీ తెలియదు.

ప్రశ్న: ఆ స్క్రూలన్నీ తిరిగి సరిపోయాయా?

(నవ్వులు) ఒకటి మిగిలింది. ఇప్పటికీ టూల్ బాక్స్‌లో ఉంది. మా బావమరిది ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతాడు, "బావా, దాని చోటు దొరికిందా?" అని. డ్యాష్‌బోర్డ్ ఎడమవైపు గుంటల్లో వెళ్తే కిర్రుమనేది, బహుశా అక్కడిదే.

ఇంకో మాట, ప్రెషర్ టెస్టర్ నా కారు డిక్కీలో ఉంది. మీలో ఎవరి కారుకైనా అనుమానం ఉంటే టీ తాగాక పార్కింగ్‌లోకి రండి, చూద్దాం. ఇప్పుడే నడిపి వచ్చినవాళ్లు మాత్రం చివర్లో రండి, ఇంజన్ చల్లారకుండా ఆ మూత తీయనివ్వను.